పదహారేళ్ల లెఫ్టినెంట్లు

కోనసీమలో కాటన్ దొర విగ్రహం లేని ఊరిని వెతుక్కోవాలి. గోదావరిఖనిలో ఆ పేరెత్తితే ఎప్పుడో చదివిన సాంఘికశాస్త్రం పాఠం గుర్తొస్తుంది, అంతే. నది ఒకటే అయినా కింది గోదావరి పొలాలకు పారింది, పై గోదావరి బొగ్గు బాయిల పక్కనుంచి సాగిపోయింది. కృతజ్ఞత కూడా నీళ్లు పారిన దారినే వెళ్తుంది. కానీ పందొమ్మిదో శతాబ్దంలో ఈ నదిని కొలిచినవాళ్లు, కట్టినవాళ్లు, కట్టబోయి ఓడినవాళ్లు ఎక్కడ తయారయ్యారని అడిగితే జవాబు ఎగువకూ దిగువకూ ఒక్కటే. వాళ్లలో ముఖ్యులు ఇంజనీరింగ్ కాలేజీల నుంచి రాలేదు. మీసమైనా సరిగా మొలవని వయసులో సైనిక విద్యాలయంలో చేరి, పదహారు పదిహేడేళ్లకు కమిషన్ పుచ్చుకుని ఓడెక్కిన క్యాడెట్లు వాళ్లు. ఆ విద్యాలయం గణితం నేర్పింది, సర్వే నేర్పింది, అందువల్లే ఆనకట్టలు కట్టగలిగారన్నది మామూలుగా వినిపించే మాట. నా వాదన వేరు. అక్కడ చెప్పిన లెక్కలు మద్రాసులోనూ చెప్పేవారు, వాటిని నేర్చుకున్న పిల్లలూ మద్రాసులో ఉన్నారు. ఇక్కడ దొరకనిది, అక్కడ మాత్రమే దొరికేది హోదా: ‘ఇది కట్టాలి’ అని గవర్నరు ముందు కాగితం పెడితే దాన్ని చదివించగలిగే హోదా.

ఈస్టిండియా కంపెనీ క్యాడెట్లకు మొదట్లో బడి అంటూ ఏదీ లేదు. గ్లాస్గో వ్యాపారి కొడుకు థామస్ మన్రో 1780 జనవరిలో మద్రాసులో దిగేనాటికి అతనికి పద్దెనిమిదేళ్లు. కంపెనీ డైరెక్టర్లలో ఎవరో ఒకరు సిఫారసు చేస్తే కుర్రాడు క్యాడెట్ అయ్యేవాడు. కవాతు, తుపాకీ, భాష అన్నీ ఇక్కడికొచ్చాకే. ఆ ఏడాదే హైదర్ అలీతో యుద్ధం మొదలైంది, మన్రో చదువు ఆ యుద్ధంలోనే సాగింది. తొమ్మిదేళ్ల తరువాత, 1789లో, సోదరికి రాసిన ఉత్తరంలో తన పడక గురించి చెప్పాడు. నాలుగు కర్రల మీద బిగించిన కిత్తాన గుడ్డే మంచం. చలికాలంలో ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న ఓవర్‌కోటు చేతుల్లోకి కాళ్లు దూర్చి, కింది అంచును తలమీదికి లాక్కుంటే అదే దుప్పటి. దత్తమండలాల రైతులు తరాలపాటు తలుచుకున్న కలెక్టరు, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన గవర్నరు, ఈ పడక మీంచి లేచినవాడే. ఇలా వచ్చిపడే కుర్రాళ్లను ఒక దారిలో పెట్టాలని కంపెనీ ఇక్కడే ప్రయత్నించింది కూడా. మద్రాసు దగ్గర తిరుప్పాచూరులో క్యాడెట్ల దళం ఉండేది. కలకత్తా దగ్గర బారాసత్‌లో ఏకంగా కాలేజీ పెట్టారు. అక్కడి కుర్రాళ్ల అల్లరి, అప్పులు, కొట్లాటలు పెద్దవాళ్ల తలకు మించిన పనై 1811లో దానికి తాళం వేశారు.

అప్పటికి రెండేళ్ల ముందే, 1809లో, లండన్‌కు దక్షిణాన క్రోయ్‌డన్ పక్కన అడిస్కాంబ్ భవనాన్ని కంపెనీ కొని సైనిక విద్యాలయంగా మార్చింది. మొదటి అధిపతి జేమ్స్ ఆండ్రూ సైనికుడు కాదు, ప్రైవేటు బడి నడిపిన పంతులు. పద్నాలుగూ పదిహేనేళ్ల పిల్లలు ఫీజు కట్టి చేరేవారు. చదువు రెండేళ్లు. పొద్దున్నే లేపి వరుసలో నిలబెట్టి హాజరు వేయడం, కవాతు, పూటకింత గణితం, కోటల నిర్మాణం, సైనిక చిత్రలేఖనం, సర్వే, హిందుస్తానీ. పడుకునేది బారకాసులో చెక్క అడ్డుగోడల మధ్య ఒక్కొక్కరికీ ఒక చిన్న అర. క్యాడెట్లలోనే కొందరికి కార్పొరల్ పట్టీ ఇచ్చి మిగతావాళ్ల మీద పెత్తనం అప్పజెప్పేవారు. పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్లతో ఊడిగం చేయించుకోవడం ఆనాటి ఇంగ్లిష్ బడులన్నిట్లాగే అక్కడా మామూలే. తప్పు చేస్తే సెలవు పోతుంది, గదిలో పెట్టి తలుపేస్తారు, మరీ మితిమీరితే ఇంటికి పంపేస్తారు. ఇసుకతో కోటల నమూనాలు కట్టి చూసుకునేందుకు తరువాతి రోజుల్లో ప్రత్యేకంగా ఒక హాలే కట్టారు. సైన్సు బోధన మాత్రం తీసిపారేసేది కాదు: 1825లో మొదటి విద్యుదయస్కాంతాన్ని లోకానికి చూపించిన విలియం స్టర్జన్ అక్కడి ఉపాధ్యాయుడే, భూగర్భశాస్త్రవేత్త జాన్ మెకల్లక్ కూడా అక్కడ పాఠాలు చెప్పాడు. ఏడాదికి రెండుసార్లు డైరెక్టర్లు బండ్లు కట్టుకుని వచ్చి బహిరంగ పరీక్ష జరిపేవారు. ఆ రోజు బయటపడే వరుస సంఖ్యే కుర్రాడి తలరాత. పైనున్న కొద్దిమంది ఇంజనీర్లు, తరువాతివాళ్లు ఫిరంగి దళం, మిగిలినవాళ్లు కాల్బలం. 1861లో మూతపడేలోపు మూడున్నర వేల పైచిలుకు క్యాడెట్లు ఆ గేటు దాటారు. ఆ పాత భవనం ఇప్పుడు లేదు. హేవ్‌లాక్, ఔట్రాం, కానింగ్ పేర్లు పెట్టిన వీధులున్నాయి.

ఈ చదువులో ఒక వింత గమనించాలి. మద్రాసు ప్రెసిడెన్సీకి రాబోయే క్యాడెట్‌కు అక్కడ నేర్పింది హిందుస్తానీ. ఆచార్యుడు జాన్ షేక్‌స్పియర్, ఆయన రాసిన వ్యాకరణం, నిఘంటువు ఆ రోజుల్లో ప్రామాణికం. తెలుగు లేదు, తమిళం లేదు. అదే కంపెనీ తన సివిలియన్లకోసం హెయిలీబరీలో వేరే కాలేజీ నడిపింది. అక్కడ చదివి 1817లో మద్రాసు చేరిన సి.పి. బ్రౌన్‌కు ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీలో తెలుగు చెప్పించారు. పన్ను వసూలు చేసేవాడికి రైతు భాష కావాలి, మట్టి మోయించేవాడికి అక్కర్లేదని కంపెనీ లెక్క వేసుకున్నట్టుంది. సైన్యంలో పలు భాషలవాళ్లు ఉంటారు గనుక ఉమ్మడి భాషగా హిందుస్తానీ చాలుననే సమర్థన ఉంది, అది కొంతవరకు నిజమే. కానీ గోదావరి ఒడ్డున వేలమంది కూలీలతో పని చేయించాల్సిన ఇంజనీరుకు ఆ జవాబు చాలదు. అతనికీ మట్టి తవ్వేవాడికీ మధ్య ఒక మనిషి ఎప్పుడూ నిలబడాల్సి వచ్చింది. ఆ మధ్య మనిషి గురించి ముందుముందు చెప్పుకుందాం.

ఇక నా వాదనకు అసలు ఆధారం మద్రాసులో ఉంది. 1794లో మైకేల్ టాపింగ్ అనే సర్వేయరు అక్కడ ఒక సర్వే పాఠశాల తెరిచాడు. ఎనిమిదిమంది పిల్లలు, అంతా అనాథాశ్రమం నుంచి తెచ్చినవాళ్లు. తండ్రులు యూరోపియన్ సైనికులు, తల్లుల్లో చాలామంది ఇక్కడివాళ్లు. నేటి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ తన పుట్టుకను ఆ బడితోనే లెక్కపెట్టుకుంటుంది. అడిస్కాంబ్ పుట్టకముందే ఈ పిల్లలు త్రికోణమితి నేర్చుకున్నారు, గొలుసులు పట్టుకుని ఎండలో నేల కొలిచారు. అయితే భారతీయ తల్లికి పుట్టినవాడు కంపెనీ కమిషన్‌కు అనర్హుడని 1791లోనే తేల్చేశారు. టాపింగ్ స్వయంగా కృష్ణా గోదావరి డెల్టాలను కొలిచి, నదినీళ్లను పొలాలకు మళ్లించవచ్చని చెప్పి, 1796లో మచిలీపట్నంలో జ్వరంతో పోయాడు. ఆ ఆలోచన ఫైళ్లలో యాభై ఏళ్లు నిద్రపోయింది. అతని బడి నుంచి వచ్చిన జాషువా డి పెన్నింగ్ బాల్యంలోనే శిష్యరికంలో చేరి, విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో ఏళ్ల తరబడి పనిచేశాడు. అదే సర్వేలోకి 1818లో హైదరాబాదులో వచ్చి చేరినవాడు జార్జ్ ఎవరెస్టు. అతనూ క్యాడెటే, అడిస్కాంబ్ ఇంకా లేదు గనుక వూలిచ్‌లో చదివి పదహారేళ్లకు, 1806లో, బెంగాల్ ఫిరంగి దళంలోకి వచ్చాడు. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో, అంటే తరువాతి కాలంలో సింగరేణి బొగ్గు బయటపడిన ప్రాంతానికి దగ్గరలోనే, కొలతలు తీస్తుండగా జ్వరం అతన్నీ అతని బృందాన్నీ పడగొట్టింది. కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా వెళ్లాడు. 1823లో హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ చనిపోయినప్పుడు ఆ పీఠం ఎవరెస్టుకు దక్కింది. అతనికన్నా చాలా ముందు నుంచీ ఆ పని చేస్తున్న డి పెన్నింగ్ సహాయకుడిగానే మిగిలి, ఆ తరువాత కలకత్తాలో గణన విభాగం చూసుకున్నాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకటే థియోడొలైటు. తేడా ఎక్కడుందో వేరే చెప్పాలా?

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. లెక్కను ఇలా తక్కువ చేయడం తగదు, లెవెలింగు తెలియకుండా నాలుగు పాయలకు అడ్డంగా ఆనకట్ట ఎవరు కట్టగలరు, ఆర్థర్ కాటన్‌కు ఆ విద్య అడిస్కాంబ్ ఇచ్చిందే కదా అని. ఇచ్చింది, సందేహం లేదు. 1803లో పుట్టిన కాటన్ పదిహేనేళ్లకు అక్కడ చేరాడు, పదహారేళ్లకు మద్రాసు ఇంజనీర్స్‌లో సెకండ్ లెఫ్టినెంటు అయ్యాడు, వేల్స్‌లో కొన్నాళ్లు సర్వే చేసి 1821లో మద్రాసుకు వచ్చాడు. కానీ ఆ చదువులో కోట గోడ ఎత్తు, కందకం లోతు, ఫిరంగి గుండు పోయే దారి ఉన్నాయి. లోతు తేలని ఇసుక మీద పారే నదికి పునాది ఎలా వేయాలో లేదు. అది అతనికి తంజావూరు నేర్పింది. కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై రాళ్లు ఇసుకలోకి దిగి, ఇక దిగలేని చోట ఎలా నిలిచాయో చూసి, ఆ పద్ధతితో 1836లో కొల్లిడం ఆనకట్టలు కట్టాడు. దేశీయుల దగ్గరే ఈ కిటుకు నేర్చుకున్నామని కాటనే తరువాత రాశాడు. ఈ విషయంలో అతని నిజాయితీని మెచ్చుకోవాలి. ధవళేశ్వరంలో గోదావరి ఆనకట్ట కోసం 1847 నుంచి 1852 వరకు సాగిన పనిలో ఇందాక చెప్పిన మధ్య మనిషి కనిపిస్తాడు: వీణెం వీరన్న. కూలీలను కూడగట్టడం, రాయి సున్నం సమకూర్చడం, దొర మాటను మేస్త్రీలకు, మేస్త్రీల మాటను దొరకు చేరవేయడం అతని వంతు. రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది. కమిషన్ మాత్రం అతని ఊహకు కూడా అందనిది. బొగ్గు బాయి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. గడ్డపారతో కప్పు మీద తట్టి, ఆ చప్పుడు విని పెచ్చు ఊడబోతోందో లేదో చెప్పగల ముసలి కార్మికుడు ప్రతి ఇంక్లైనులోనూ ఉండేవాడు. అయినా కప్పు భద్రంగా ఉందని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాల్సింది సర్టిఫికెట్ ఉన్న సర్దారు, ఓవర్‌మన్.

మరి హోదా ఒక్కటే చాలితే కాటన్‌కు ముందొచ్చిన ఇంజనీర్లు ఎందుకు కట్టలేదు? న్యాయమైన ప్రశ్నే. హోదా వల్ల మాట వినిపిస్తుంది, ఖజానా తెరుచుకోవడానికి మరొకటి కావాలి. 1832–33 కరువు, 1839 తుపాను రాజమండ్రి జిల్లాను పీల్చి పిప్పిచేశాయి. ఏడు లక్షలు దాటిన జనాభా ఇరవై ఏళ్లలో అయిదున్నర లక్షల చిల్లరకు పడింది, శిస్తు రాబడి కుంగింది. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ ఆ దుస్థితి మీద నివేదిక ఇచ్చాకే కంపెనీ చెవులు నిక్కబొడుచుకుంది. అలాంటి అదనులో కాగితం పట్టుకుని వెళ్లగల స్థానంలో ఎవరున్నారన్నదే నా ప్రశ్న. కాటన్ పట్టుదల గొప్పది, పై అధికారులతో జీవితమంతా తగువు పెట్టుకున్నాడు, 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి రైళ్లకన్నా కాలవలే మేలని వాదించాడు. అతని దగ్గరి బంధువు లార్డ్ కాంబర్‌మియర్ 1825 నుంచి 1830 దాకా భారతదేశంలో సర్వసేనాని అన్న సంగతి కూడా పక్కనే పెట్టుకోవాలి. అంతే పట్టుదల ఉన్న వీరన్న ఒకడు అలా తగువు పెట్టుకుంటే ఆ మర్నాడు అతని స్థానంలో ఇంకొకడు ఉండేవాడు.

పరీక్షలో వచ్చిన వరుసే తలరాత అన్నప్పుడు అది ప్రతిభకు దక్కిన హోదాయే గదా అనవచ్చు. డైరెక్టరు నామినేషన్ ఉన్నవాడికే ఆ పరీక్ష గది తలుపు తెరుచుకునేది. లోపల పోటీ నిజాయితీగా జరిగి ఉండొచ్చు, జరిగిందనే అనుకుంటాను. బయట నిలబడ్డవాడికి ఆ నిజాయితీతో పనేమీ లేదు.

హోదా ఎక్కడ చెల్లలేదో చూడాలంటే ఎగువకు రావాలి. ధవళేశ్వరం పూర్తికావస్తుండగానే కాటన్ చూపు పై గోదావరి మీద పడింది. బీరారు పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవల్లో సముద్రానికి దించాలన్నది పథకం. దారి కాళేశ్వరం దగ్గర ప్రాణహితలోకి మళ్లుతుంది గనుక ఇవాళ్టి గోదావరిఖని ఉన్న పాయ అందులో లేదు. కానీ ఆ దారిలో ఉన్న రాతి అడ్డంకులు మూడూ, దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి, మనకు తెలిసిన పేర్లే. ఈ రాకపోకల కోసమే 1860 ఒప్పందంలో నిజాం నుంచి భద్రాచలం వైపు ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిష్‌వాళ్లు తీసుకున్నారు. పని నడిపింది మద్రాసు ఇంజనీర్స్‌కే చెందిన ఫీలిక్స్ హేగ్, కోనసీమలో గన్నవరం అక్విడక్టును కట్టినవాడు. అదే దళం, అదే శిక్షణ, అదే హోదా. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు లేచాయి. ఆ పైన జ్వరాలు, కూలీల కొరత, పెరిగిపోయిన ఖర్చు. డెల్టాలో వ్యవసాయం చేసుకునే వేల కుటుంబాలు పనికోసం ఎదురుచూసేవి. కోయగూడేల అడవిలో అలాంటి జనం లేరు, బయటి నుంచి తెచ్చినవాళ్లు మంచం పట్టారు. 1867లో రైలు నాగపూరు చేరాక పత్తికి నదితో పని తీరిపోయింది. 1871లో పథకాన్ని వదిలేశారు. వీరన్నల్లాంటివాళ్లూ వాళ్ల వెనక జనమూ లేనిచోట లెఫ్టినెంటు కమిషన్‌కు ఎంత విలువో దుమ్ముగూడెం చెబుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే జియలాజికల్ సర్వే ఉద్యోగి విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. అతను సివిలియన్. ఆ బొగ్గు పడవెక్కలేదు, రైలెక్కింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కులు తీసుకుంది, 1920లో దాని పేరు సింగరేణి కాలరీస్ అయింది. రామగుండం దాకా తవ్వకాలు రావడానికి 1960 దశకం రావాల్సి వచ్చింది.

ఇంత కథలోనూ తెలుగు కుర్రాడు క్యాడెట్‌గా ఎక్కడా కనబడడు. సిపాయిగా ఉన్నాడు, మద్రాసు సైన్యంలో మొదటినుంచీ ఉన్నాడు. పందొమ్మిదో శతాబ్దం చివర ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం తలకెక్కాక అతన్ని ఆ వరుసలోంచి కూడా చాలావరకు తప్పించారు. భారతీయులకు శాండ్‌హర్స్ట్‌లో ఏటా పది సీట్లు ఇచ్చింది 1918లో. డెహ్రాడూన్‌లో మిలిటరీ అకాడమీ నలభైమందితో మొదలైంది 1932లో. 1942లో కమిషన్ పొందిన తెలుగువాడు కె.వి. కృష్ణారావు 1981లో సైన్యాధిపతి అయ్యేనాటికి అడిస్కాంబ్ మూతపడి నూట ఇరవై ఏళ్లు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ సైనిక్ స్కూళ్ల పథకం తెచ్చాక 1962 జనవరిలో విజయనగరం రాజుల కోరుకొండ భవనంలో తెలుగునేల మీద మొదటి సైనిక్ స్కూలు మొదలైంది. పదేళ్ల పిల్లవాడు నామినేషన్ లేకుండా, ప్రవేశ పరీక్ష రాసి క్యాడెట్ కావడం అప్పటికి గానీ కుదరలేదు. అది ఉత్తరాంధ్రలో ఉంది. బొగ్గు గనుల పిల్లలకు రాత్రంతా రైలు ప్రయాణం. ఇటీవల కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ సైనిక శిక్షణ పాఠశాల పెట్టడంతో దూరం కొంత తగ్గింది.

అందరికీ తలుపు తెరిచాక ఇంకా ఈ పాత గొడవెందుకనే ఆక్షేపణ చివరిది. తలుపులు రెండున్నాయి, ఏ తలుపు దగ్గర మన పిల్లలు నిలబడుతున్నారో చూడాలి. సింగరేణి సేవా సమితి కార్మికుల పిల్లలకు, చుట్టుపక్కల యువకులకు సైనిక నియామకాల కోసం ఉచిత శిక్షణ ఇస్తుంది, మంచి పని. ఆ శిక్షణలో 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్‌అప్స్, జవాను పరీక్షకు సరిపడా పాఠాలు ఉంటాయి. అది సిపాయి తలుపు. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీకి పోయే తలుపు వేరు. దానికి రాసే 900 మార్కుల పరీక్షలో 300 గణితానివే, రెండున్నర గంటల్లో 120 ప్రశ్నలు. అమ్మాయిలకు కూడా 2022 నుంచి ఆ అకాడమీలో ప్రవేశం ఉంది. పరుగుకు మైదానం ఉచితంగా దొరుకుతోంది. ఆ 300 మార్కులకు కావలసిన శిక్షణను మాత్రం ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న పిల్లలు కూడా, తండ్రికి స్థోమత ఉంటే, హైదరాబాదు వెళ్లి కొనుక్కుంటున్నారు.